భాగీరథి అని చెప్పేదానికి

మా అత్త పేరు భాగీరథమ్మ. ఇప్పుడు ఇట్ల గలగలా అనేస్తా ఉండాను గాని, పెండ్లయినాక చానా ఏండ్లు ఆ పేరు నా నోట్లోనుంచి బయటికి రాలేదు. మా సీమలో కోడలు అత్త పేరు అనకూడదు, మొగుని పేరు అనకూడదు, మామ పేరైతే మాట్లాడే పనే లేదు. రేషన్ కార్డు రాసేదానికి ఇంటికొచ్చినాయన "మీ అత్త పేరేమమ్మా" అని అడిగితే నేను పక్కింటి పిళ్ళమ్మ మొగం చూస్తిని. ఆమె చెప్పింది, ఆయన రాసుకుని పోయినాడు. ఇందులో వింతేముందో నాకు ఆ పొద్దు తోచలేదు. అందరిండ్లలోనూ అంతే కదా.

మా అత్తది హొసకోటె. నాది చింతామణి పక్కన ఒక పల్లె. మేముండేది కె.ఆర్. పురంలో, సంత వెనక సందులో. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, బస్సులో రెండూ. మా ఆయన వైట్‌ఫీల్డు పక్క ఒక ఫ్యాక్టరీకి పోతాడు. మా అత్త సంత గేటు కాడ పూలమ్ముతాది. తెల్లారీ తెల్లారక ముందే సిటీ మార్కెట్టుకు పోయి విడిపూలు తెచ్చి, అరుగు మీద కూసోని కట్టి, తట్టకెత్తుకుని పోతాది. మూర వేసేటప్పుడు చెయ్యి రవంత జాస్తిగానే చాపుతాది. అందుకే ఆమె కాడ ఎప్పుడూ జనం ఉంటారు.

ఇంక ఆమె గుణం చెప్తాను. ఆమె మాట్లాడదు. మూగది కాదు, చెవుడు లేదు, మాట్లాడదంతే. మూర ఎంత అంటే వేళ్ళు చూపిస్తాది. అన్నం పెట్టాల్నా అంటే తలకాయ ఊపుతాది. జాస్తి అడిగితే బుగ్గలో ఆకువక్క ఉండాదని చెయ్యి అడ్డం పెడతాది. కొత్త కోడలుగా వచ్చిన దినాల్లో నేను ఎంత ఏడ్చినానో. పొయ్యి కాడ నేను, అరుగు మీద ఆమె, మధ్యలో ఒక్క మాట లేదు. మా అమ్మ వచ్చి "ఎట్లుండాది మీ అత్త" అని అడిగితే, "పొగరు మా ఆయమ్మకు, నోట్లో ముత్యాలు రాలిపోతాయని భయం" అని చెప్పి పంపిస్తిని.

అట్లని గొంతు లేదా అంటే, ఉండాది. పెండ్లిండ్లలో సోబానె పాట ఎత్తుకోవాలంటే మా సందులో మా అత్తే. పెండ్లికూతురికి నలుగు పెడతా ఉంటే ఒకదాని వెనక ఒకటి పాడతానే ఉంటాది, యాడా తట్టుకోదు. జనం "భాగీరథమ్మ గొంతు గొంతు" అని మెచ్చుకుంటా ఉంటే నాకు ఒళ్ళు మండేది. ఊరోళ్ళ పెండ్లిండ్లకు వచ్చే నోరు, ఇంట్లో కోడల్ని "తింటివా" అని అడిగేదానికి యాల రాదు? ఈ మనిషి నాకు ఎప్పటికీ అర్థం కాదు అనుకుని, ఇంక అడిగేది మానేస్తిని.

తొంభై రెండులో మాకు పాప పుట్టింది. మొదటి ఆడబిడ్డకు నాయనమ్మ పేరు పెట్టేది మా ఇండ్లలో వాడిక. భాగీరథి అని పెట్టినారు. పెట్టినారు సరే, పిలిచేదెవరు? నేను పిలవకూడదు. మా ఆయన కన్నతల్లి పేరు పెట్టి "ఏమే, ఇట్లరా" అని ఎట్ల పిలుస్తాడు? మా అత్త తన పేరుతో తానే ఎట్ల కేకేసుకుంటాది? అందుకని అందరమూ అమ్మణ్ణి అంటిమి. ఆ పేరున్న బిడ్డను తిట్టేదానికి కూడా లేదు, అత్తను తిట్టినట్లే లెక్క. మా సందులోనే ఒకామె అత్త మీద కోపమొస్తే బిడ్డను వాకిట్లోకి లాక్కొచ్చి, పేరు పెట్టి కడుపుమంట తీరేదాకా తిట్టేది. వీధంతా తలుపు సందుల్లోనుంచి విని నవ్వుకునేది. నేను అట్లాంటిదాన్ని కాదని పేరు తెచ్చుకున్నదాన్ని. బడిలో చేర్చేదాకా భాగీరథి అనే పేరు మా ఇంట్లో ఎవరూ పలికినది లేదు.

అమ్మణ్ణి బిరీన మాటలు నేర్చింది. అయిదో ఏడు నడుస్తా ఉండంగా మాట తట్టుకునేది మొదలైంది. "అ-అ-అమ్మా" అంటాది, "ప-ప-ప" కాడ నిలబడిపోతాది. మొదట ఆటలే అనుకుంటిమి. ఆటలు కాదు. అయితే విచిత్రమేమంటే, పాట పాడితే తట్టుకోదు. పిళ్ళమ్మ వాళ్ళ కుక్కపిల్లతో మాట్లాడితే తట్టుకోదు. నాతో రవంత, వాళ్ళ నాయనతో ఇంకొంచెం, బడిలో అయితే నోరే తెరుచుకోదు. నాకు తల తిరిగిపోయింది. జ్వరమొస్తే బడిలో ఉండి ఇంట్లో పోతాదా? జబ్బంటే అన్ని చోట్లా ఉండాల కదా. కావాలని చేస్తా ఉందేమోనని ఒకటి రెండు దెబ్బలు కూడా వేస్తిని. దాంతో ఇంకా జాస్తి అయింది.

ఇంక వీధిలో వాళ్ళు ఊరకుంటారా? పిళ్ళమ్మ వస కొమ్ము అరగదీసి నాలికకు రాయమనింది, రాస్తిని. మా అమ్మ తేనె నాకించమనింది, నాకిస్తిని. ఒకాయన నాలిక కింద నరం కోయించమన్నాడు, డాక్టరు కాడికి ఎత్తుకుపోతే ఆయన టార్చి వేసి చూసి "నరం బాగుంది, ఎవరు చెప్పినారు నీకు" అని నన్నే కసిరినాడు. ఒకామె తాయెత్తు కట్టించమనింది. ఇంకొకామె వచ్చి, మీరు రెండు భాషలు కలిపి మాట్లాడతారు, దానికే బిడ్డ నాలిక తిక్క పడింది, ఒకటి విడిచిపెట్టండి అనింది. "మన సందులో రెండు భాషలు మాట్లాడని బిడ్డను ఒకదాన్ని చూపించు, విడిచిపెడతాను" అంటిని. ఆమె మొగం ముడుచుకుని పోయింది. ఎవరి మాట వినాలో, ఎవరిని తరిమేయాలో నాకు తెలియలేదు.

అందరూ ఏదో ఒకటి చెప్పినారు, మా అత్త ఒక్కతే ఏమీ చెప్పలేదు. అది చాలదన్నట్టు, అమ్మణ్ణికి మాట తట్టుకుంటే చాలు, పూలు కట్టేది అట్లనే వదిలేసి లేచి లోపలికి పోయేది. బిడ్డ అవస్థ పడతా ఉంటే చూసేదానికి కూడా ఓపిక లేదు ఈ ముసల్దానికి అని నేను గిన్నెలు ఎత్తెత్తి వేసేదాన్ని.

నాలుగో క్లాసులో కథ ముదిరింది. ఆ ఏడు కొత్తగా వచ్చిన హెడ్‌మిస్ట్రెస్ ఒక పద్ధతి పెట్టింది. హాజరప్పుడు టీచరు పేర్లు పిలిచేది లేదు, పిల్లలే వరసగా లేసి తమ పేరు తాము గట్టిగా చెప్పాల. ధైర్యం వస్తాదంట. అమ్మణ్ణి లేస్తాది, కండ్లు మూసుకుంటాది, మెడ నరాలు బిగదీసుకుంటాయి, కాలితో నేలను తంతాది, "భ" కాడనే ఆగిపోతాది. పిల్లలు నవ్వుతారు. కొన్నాళ్ళకు లేసేదే మానేసింది. పక్క పిల్ల చెప్పేది దీని పేరు.

హెడ్‌మిస్ట్రెస్ నన్ను పిలిపించింది. "తన పేరు తాను చెప్పలేని బిడ్డను అయిదో క్లాసుకు ఎట్ల పంపేది? బుద్ధి ఎదగని పిల్లలకు వేరే బడులు ఉండాయి, అక్కడ చేర్చుకోండి" అనింది.

"లెక్కల్లో క్లాసుకంతా నా బిడ్డే ముందు. పేపర్లు తీసి చూడండి" అంటిని.

"చూసినాను. పరీక్ష పేపరుకు నోరు అక్కర్లేదు కదమ్మా. వేసవి సెలవులకు ముందు నా ఎదురుగా నిలబడి పేరు చెప్పనీ. చెప్తే ఉంటాది. లేకపోతే టీసీ తీసుకుపోండి." అంతే, ఇంక నా మొగం చూడలేదు ఆమె.

బయటికొచ్చి గోడకు ఆనుకుని నిలబడితిని. లెక్కలు చేసే బిడ్డకు బుద్ధి లేదంట, నోట్లోనుంచి ఒక్క ముక్క రానందుకు. దీన్ని ఎవరితో చెప్పుకునేది? అప్పుడు ఒక టీచరు నా వెనకే వచ్చి, ఒక ట్రస్టు వాళ్ళు గురువారం గురువారం మాట సరిచేసే మేడంను పంపిస్తా ఉండారు, ఆమెకు చూపించమ్మా అనింది.

ఆ మేడం పేరు ఆశ. చిన్నపిల్ల, ఇంకా పెండ్లి కూడా కాలేదు, మైసూరులో చదివిందంట. బడిలో ఆటసామాన్లు పెట్టే గదిలో ఒక బల్ల వేసుకుని కూసునేది. నేను మందో, సూదో, నాలికకు ఏదైనా మిషనో ఉంటాదనుకుంటిని. ఏమీ లేదు. అమ్మణ్ణితో కూసోని బొమ్మలు చూపిస్తా కబుర్లు చెప్పింది. నా బిడ్డ ఒక పక్క తట్టుకుంటా ఉంటే ఆమె నవ్వు మొగంతో దాని కండ్లల్లోకి చూస్తా సుమ్మనే, ఏ మాటా అందించకుండా కాచుకోని ఉంది. నేను ఆగలేక పక్కనుంచి మాట అందించబోతే చెయ్యి ఎత్తి ఆపింది.

"రత్నమ్మా, మీరు అందించొద్దు. నిదానంగా చెప్పు అని కూడా అనొద్దు. ఊపిరి పీల్చుకో అనొద్దు. చెప్పేదాకా కాచుకోండి, చాలు."

ఏమీ చేయకుండా ఉండేదానికి ఇంత దూరం రావాల్నా అనిపించింది నాకు.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇట్ల మాట తట్టుకుంటాదా? మీకు, మీ ఆయనకు, పెద్దోళ్ళకు?"

"మా వంశంలో ఎవరికీ లేదు మేడం" అంటిని, రవంత గట్టిగానే.

తరువాత ఇంట్లో చేసేదానికి పని ఇచ్చింది. దినమూ బిడ్డను పక్కన కూసోపెట్టుకుని, ఇద్దరూ ఒకేసారి, సాగదీసి సాగదీసి మాటలు చెప్పాల. ఇద్దరు కలిసి చెప్తే తట్టుకోదంట. నిజంగానే తట్టుకోలేదు, నా కండ్ల ముందరే. "అన్నిటికంటే ముఖ్యం పాప పేరు. నత్తి ఉండేవాళ్ళకు అన్ని మాటల కంటే సొంత పేరే కష్టం. మీరు, పాప కలిసి ఆ పేరు దినమూ చెప్పండి" అనింది.

నేను "ఆ, సరే మేడం" అని లేచి వచ్చేస్తిని. ఇంకేమనాల? అత్త ఇంట్లో కూసోని, అత్త పేరు పొద్దన్నా మాపిటేలా సాగదీసి అరవమంటుందే ఈ పిల్ల అని బస్టాండు దాకా తలకాయ కొట్టుకుంటా నడిస్తిని.

పేరు తప్ప అన్నీ చేసినాను. పూల పేర్లన్నీ చెప్పిస్తిని, బస్సులు పోయే ఊర్లన్నీ చెప్పిస్తిని, దేవనహళ్ళి, హొసకోటె, చిక్కబళ్ళాపురం. కాచుకునేది కూడా నేర్చుకుంటిని, నా గుణానికి అది ఎంత కష్టమో నాకే తెలుసు. బిడ్డ మాట తేలికపడింది. అంగడికి పోయి బెల్లం అడిగి తెచ్చింది. ఒక్క పేరు మాత్రం కదల్లేదు. ఆశా మేడం బుర్ర గోక్కుంది. ఇన్ని మాటలు వచ్చినాక ఇదొక్కటి యాల రాదు, నేను ఎక్కడో తప్పు చేస్తా ఉండాను అని తన పుస్తకాలు తెచ్చుకుని తిరగేసింది. నాకు పాపం అనిపించింది గాని నోరు విప్పలేదు. ఇంట్లో గుట్టు బయట చెప్పుకునేదా?

ఒక గురువారం ఆమె, "ఇప్పుడు నా ఎదురుగా మీరిద్దరూ కలిసి చెప్పండి, చూస్తాను" అనింది. అమ్మణ్ణి నా మొగం చూసింది. నేను నోరు తెరిచి, మూసి, గుటకలు మింగితిని. మళ్ళా తెరిస్తిని. రాదు.

ఆశా మేడం నా పక్కకు జరిగి మెల్లిగా అడిగింది. "రత్నమ్మా, మీకూ నత్తి ఉందా? ఉంటే చెప్పండి, సిగ్గు లేదు."

అప్పుడు నాకు నవ్వాల్నో ఏడవాల్నో తెలియలేదు. "నత్తి కాదు మేడం. అది మా అత్త పేరు" అంటిని.

ఆయమ్మకు రవంతసేపు అర్థం కాలేదు. అర్థమైనాక బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. వాళ్ళ అవ్వ కూడా తాత పేరు అనదంట, ఓటు వేసేదానికి పోయి కూడా పక్కోళ్ళతో చెప్పించేదంట. నవ్వు ఆపుకుని, "మీ అత్త ఇంట్లో లేనప్పుడు చెప్పండి. దేవుడేమీ అనుకోడు. బిడ్డ బడి పోతాది రత్నమ్మా" అనింది. పోతా పోతా ఇంకొకటి చెప్పింది. ఊరికే చెప్పేది కాదు, నేను కూడా కావాలని తట్టుకుంటా చెప్పాలంట. "భ-భ-భ" అని నేనూ అంటే బిడ్డకు ఆ మాట మీద భయం పోతాదంట. నత్తి పోగొట్టమని వస్తే నత్తి నేర్చుకోమంటారే అని నాకు మళ్ళా అయోమయం. అయినా గడువు దగ్గర పడింది. తలాడిస్తిని.

మరుసటి దినమే మా అత్త తట్ట ఎత్తుకుని సంతకు పోయినాక, పెరట్లో బట్టలుతికే బండ మీద నేనూ అమ్మణ్ణీ కూసుంటిమి. గోడ మీద నుంచి ఎవరైనా చూస్తా ఉండారేమో చూసుకుంటిని. కండ్లు మూసుకుని, తప్పైపోయింది తల్లీ అని మనసులో అనుకుని, "భా" అంటిని. నాలిక కాలినట్టయింది. మళ్ళా అంటిని. "భ-భ-భ-భాగీరథి." అమ్మణ్ణి నోరు తెరుచుకుని నా పక్క చూసి, పకపకా నవ్వింది. ఆ మాట మీద అది నవ్వేది నేను ఎప్పుడూ చూడలేదు. "ఇ-ఇంకోసారి మా" అనింది. ఇద్దరమూ కలిసి అంటిమి. కాలితో నేల తంతా, తలకాయ ఊపుతా, "భ-భ-భ-భ" అని, గట్టిగట్టిగా నవ్వుకుంటా. నాకూ ఉషారొచ్చింది, ఇన్నేండ్లుగా నోట్లో కట్టేసిన పేరు కదా.

వెనక చప్పుడైతే తిరిగి చూస్తిని. మా అత్త. ఆ పొద్దు బెంగళూరంతా బంద్ అని సంత మూయించినారంట. పూలతో నిండిన తట్ట అట్లనే చేతిలో ఉండాది. మొగంలో రక్తం లేదు. నేను లేచి "అత్తా, అది కాదు" అనేలోపల తట్ట బండ పక్కన పెట్టి లోపలికి పోయి, రెండు చీరలు సంచిలో కుక్కుకుని బయటికి పోయింది. దేవనహళ్ళిలో ఆమె కూతురు అక్కయమ్మ ఉండాది, అక్కడికే.

అంతే, సందంతా కయ్యిమనింది. కోడలు అత్త పేరు పెట్టి ఎక్కిరిస్తా ఉంటే ముసలామె చూడలేక ఇల్లు విడిచిపోయిందంట. పిళ్ళమ్మ కూడా నా పక్క ఒక మాదిరిగా చూసింది. మా ఆయన ఇంటికొచ్చి, "ఇరవై మాటలు ఉండంగా మా అమ్మ పేరే దొరికిందా నీకు" అన్నాడు. బిడ్డ పేరు అదే కదప్పా, నేను పెట్టినానా అంటిని. నాకు కోపం ఒక పక్క, అర్థం కానిది ఒక పక్క. పేరు అనింది తప్పే, ఒప్పుకుంటాను. దానికి తిట్టొచ్చు, నాలుగు దినాలు నా చేతి అన్నం తినకుండా ఉండొచ్చు. చచ్చినోళ్ళను చూసినట్టు ఆ మొగమేమిటి?

అన్నిటికంటే ఘోరం అమ్మణ్ణిది. "నా పే-పేరు చెప్తే అవ్వ పోయింది. నేను చెప్పను" అనింది. బండ మీదికి పిలిస్తే రాలేదు. అప్పటిదాకా తేలికపడిన మాటలు కూడా మళ్ళా బిగుసుకున్నాయి. హెడ్‌మిస్ట్రెస్ చూసే దినం వచ్చే గురువారం.

ఆదివారం బస్సెక్కి దేవనహళ్ళికి పోతిని. అక్కయమ్మ అరుగు మీద మా అత్త అలసందలు ఒలుస్తా ఉండాది. అక్కయమ్మ నన్ను చూసి "ఏమి మొగం పెట్టుకుని వస్తివి" అని మొదలుపెట్టింది. ఆమెను దాటుకుని పోయి మా అత్త ముందర కూసోని అంతా చెప్తిని. మేడం చెప్తేనే అంటినని, ఎక్కిరించలేదని, బిడ్డ నోరు మూసుకుందని, గురువారం పేరు చెప్పకపోతే బడి నుంచి తీసేస్తారని, బుద్ధి లేని పిల్లల బడికి పంపమంటుండారని. ఆమె చేతులు ఒలిచేది ఆపినాయి. పెదాలు ఒకసారి కదిలినాయి. తరువాత ఎప్పటి మాదిరే ఆకువక్క సంచి పక్కకు చెయ్యి పోయింది.

నాకు తిక్క రేగింది. "ఒక్క మాట అను అత్తా. తిట్టు, పోనీ. ఇన్నేండ్లలో నన్ను తిట్టను కూడా తిట్టలేదు నువ్వు" అంటిని. ఆమె లేచి లోపలికి పోయింది. నేను బస్సులో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చుకుంటా వస్తిని.

గురువారం హెడ్‌మిస్ట్రెస్ గదిలో ఆమె, క్లాసు టీచరు, ఆశా మేడం. నేను తలుపు కాడ. అమ్మణ్ణిని బల్ల ముందర నిలబెట్టినారు. జడలు నేనే బిగించి వేసినాను, దాని మెడ నరాలు నాకు బాగా కనిపిస్తా ఉండాయి.

"నీ పేరేమి?"

కండ్లు మూసుకుంది. కాలు నేలను తన్నింది. నోరు తెరుచుకుంది, మాట లేదు. ఆశా మేడం కాచుకోని ఉండాది. నేను గోళ్ళు అరచేతిలో గుచ్చుకుని కాచుకోని ఉండాను. హెడ్‌మిస్ట్రెస్ కాచుకోలేదు.

"భాగీరథి. అంతే కదా? ఇంత చిన్న మాట. చూసినారా ఆశా, నేను చెప్పింది ఇదే. చాలు పోమ్మా." పెన్ను తీసుకుంది.

"మేడం, ఇంకొంచెం టైం ఇవ్వండి."

"ఎంతసేపు? నాకు వేరే పని లేదా?"

అప్పుడు నా వెనకనుంచి ఏదో శబ్దమొచ్చింది. ఎవరికో గొంతులో ఏదో అడ్డం పడిందనుకుంటిని. తిరిగి చూస్తే వరండాలో మా అత్త. చేతిలో చీరల సంచి, దేవనహళ్ళి బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది. కండ్లు గట్టిగా మూసుకుని ఉండాది. మెడ నరాలు బిగుసుకుని ఉండాయి. కాలు నేలను తంతా ఉండాది. అచ్చం అమ్మణ్ణి మాదిరి. నాకు ఏమి చూస్తా ఉండానో తెలియలేదు.

"ఉ-ఉ-ఉ..." అనింది మా అత్త. గదిలో అందరూ తిరిగినారు. ఆమె ఆపలేదు. "ఉ-ఉ-ఉండమ్మా. చె-చె-చె... చెప్తాది."

హెడ్‌మిస్ట్రెస్ పెన్ను అట్లనే పట్టుకుని ఉండిపోయింది. అమ్మణ్ణి కండ్లు తెరిచింది. వెనక్కి తిరిగి వాళ్ళ అవ్వను చూసింది, కొత్త మనిషిని చూసినట్టు, పై నుంచి కింద దాకా. తరువాత కండ్లు మూసుకోకుండా, ఆమెనే చూస్తా, "భ-భ-భ-భ-భాగీరథి" అనింది. వీధి దాకా వినిపించేటంత గట్టిగా.

ఆశా మేడం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. హెడ్‌మిస్ట్రెస్ మా అత్తను చూసింది, బిడ్డను చూసింది, పెన్ను కింద పెట్టింది. "సరే. అయిదో క్లాసుకు రానీ" అనింది. గొంతు తగ్గింది ఆమెకు.

అమ్మణ్ణిని క్లాసుకు పంపించి బయటికి వస్తే, మా అత్త బడి మెట్ల మీద కూసోని ఉండాది. నేను పక్కన కూసుంటిని. ఒకే పొయ్యి మీద వండుకుని తింటిమి, ఒకే గోడకు ఆనుకుని పండుకుంటిమి. ఆ వేళ్ళు చూపించేది, తలకాయ ఊపేది, ఆకువక్క, బిడ్డకు తట్టుకుంటే లేచి పోయేది, అన్నీ నా కండ్ల ముందర ఒకదాని మీద ఒకటి పడతా ఉండాయి.

"నీ కొడుకుకైనా తెలుసా?" అని అడిగితిని.

తలకాయ అడ్డంగా ఊపబోయి, ఆపింది. "తె-తెలీదు. ఎ-ఎవురికీ తె-తెలీనీలేదు."

ఆమె ఇంకా ఏదో చెప్పాలని చూస్తా ఉండాది. నాకు మాట నోటిదాకా వచ్చింది, అందించలేదు. కాచుకుంటిని. బస్సులు రెండు పోయినాయి ఎదురుగా.

"ఆ పొ-పొద్దు బండ మీద నువ్వు భ-భ అని, కా-కాలితో నేల తంతా అంటా ఉంటివే..." కండ్లు తుడుచుకుంది. "నా గు-గుట్టు ఎవరో చె-చెప్పేసినారు నీకు అనుకుంటి. నన్నే చే-చేసి చూపిస్తా ఉండావు బి-బిడ్డకు, అనుకుంటి."

"ఎవరూ చెప్పలేదత్తా" అంటిని.